కొండ మలుపులో పడిపోయే రైలు

ప్రొద్దుటూరు,
12-3-2006, ఆదివారం.

అన్నకు,

చెల్లెలు యల్లమ్మ నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని ప్రతిసారీ రాస్తావు, నమ్మడం మా వంతు. ఈ కవరు నీకంటే ముందు విప్పి చదివే జైలు సారుకు కూడా నమస్కారాలు. అయ్యా, ఈ ఉత్తరంలో బండి, మలుపు, పడిపోవడం అనే మాటలు చాలాసార్లు వస్తాయి. అన్నీ రైలు గురించే, అదీ కంప్యూటర్లో తిరిగే రైలు గురించే. దయచేసి వాటి మీద నల్ల సిరా పూయకండి.

అన్నా, ముద్దనూరు స్టేషను పక్క కట్ట మీద గొర్రెల్ని గాలికి వదిలేసి బొంబాయి మెయిలు కోసం కూర్చునేవాడివి. రెండు పిల్లలు తప్పిపోయిన రోజు నాయన నీ వీపు వాయగొట్టాడు. ఆ ఏడుపులోనే నాతో అన్నావు, పెద్దయ్యాక ఇంజను తోలుకుంటూ కొట్టాలపల్లెకు వస్తానని. మన ఊరికి పట్టాలే లేవు కదన్నా అంటే, వేయిస్తానన్నావు. వేయించలేదు. ఇప్పుడు నేను వేస్తున్నాను.

నవ్వకు. నేను పనిచేసే కంప్యూటర్ సెంటర్లోకి రైలు ఆట ఒకటి వచ్చింది. అందులో బండి తోలడమే కాదు, మనకు కావలసిన లైను మనమే వేసుకునే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని రూట్ ఎడిటర్ అంటారు. నేల పరిచి ఇస్తారు. కొండలు, వాగులు, వంకలు ఉన్నవి ఉన్నట్టు లెక్క ప్రకారం వస్తాయి. మిగతాదంతా బోడి నేల. ఇళ్ళు, చెట్లు, బావులు, కరెంటు స్తంభాలు ఒక్కొక్కటీ మనమే పెట్టాలి. పట్టాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి, తిన్నగా ఉండేవి కొన్ని, వంగినవి కొన్ని. వంగిన ముక్క మీద, అది ఎంత పెద్ద గుండ్రంలో నుంచి కోసిన ముక్కో రాసి ఉంటుంది. పెద్ద గుండ్రమైతే బండి ఒయ్యారంగా తిరుగుతుంది. చిన్న గుండ్రమైతే గిరుక్కున తిరగాలి. ఆదివారం పూట పిల్లలకు క్లాసులుండవు కాబట్టి మా సారు తాళం నాకిచ్చి పోతాడు. నేనేదో కష్టపడి టైపింగు నేర్చుకుంటున్నానని ఆయన నమ్మకం.

ప్రొద్దుటూరులో మొదలుపెట్టి జమ్మలమడుగు, మన ఊరు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా నా లైను. ఇలాంటి లైను భూమ్మీద ఎక్కడా లేదు. జమ్మలమడుగు దగ్గర పెన్న మీద వంతెన ఒక్క ఆదివారంలో కట్టేశాను. నా అంత మేస్త్రీ లేదనుకున్నాను. కానీ జమ్మలమడుగు దాటి మన ఊరికి వచ్చేచోట, కొండ మలుపులో, బండి పడిపోతోంది.

మూడు ఆదివారాలు అక్కడే గడిచాయి. ఇంజను తిరుగుతుంది, మొదటి పెట్టె తిరుగుతుంది, మూడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి మొత్తం పక్కకు ఒరిగి పడిపోతుంది. వేగం తగ్గించాను. ముక్కలు మార్చాను. ముక్కలు మారిస్తే చివర రెండు పట్టాలూ కలవవు, జానెడు ఎడం మిగిలిపోతుంది. కోపం పట్టలేక ఒకరోజు కీబోర్డును గట్టిగా కొట్టాను. ఒక మీట ఊడి బల్ల కింద పడింది. అది వెతకడానికి ఇంకో అరగంట.

అంతలో కాటమయ్య మామ వచ్చాడు. కమలాపురం దగ్గర రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగుమనిషిగా చేసి రిటైరయ్యాడు, పింఛను అర్జీ టైపు చేయించుకోవడానికి వస్తుంటాడు. నా వెనకాల నిలబడి చూసి చూసి, లుంగీ అంచు నుంచి దారం పోగు ఒకటి లాగాడు. మలుపు ఈ కొసకూ ఆ కొసకూ ఆ దారం పట్టుకోమని నాకు చెప్పి, నడుమ ఎంత ఎడముందో వేలితో కొలిచాడు. కంప్యూటరు మీద అన్నా! నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ ముక్క ఎన్ని మీటర్ల గుండ్రమని అడిగాడు. నూరు అన్నాను. నోట్లోనే లెక్క వేసుకున్నాడు.

"పదిహేడున్నర డిగ్రీలు. పది దాటితే పెద్ద బండిని యే ఇంజనీరూ ఒప్పుకోడు బిడ్డా. ఈడ నువ్వు తోక పట్టుకోని తిప్పినా తిరగదు."

పోనీ కొండకు దూరంగా జరుపుదామంటే, కొండకు ఒక పక్క గుట్టలు, ఒక పక్క గుంత. ఎటు జరిపినా చిక్కే. ఆయన తన అర్జీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఇంకొకరి సంగతి రాయాలి. నాతోపాటు ఇక్కడే పనిచేసే పిల్ల. నాకంటే చిన్నది, పనిలో నాకంటే పెద్దది. ఈ ఆటలో పట్టా ముక్కలు ఎలా అతకాలో నాకు నేర్పింది తనే. వంకవతల ఊరి పిల్ల. ఉలిక్కిపడకు. పేరు ఇప్పుడు చెప్పను, చెబితే ఆ పేరు పట్టుకుని కూర్చుంటావు.

ఆ పిల్ల నా పక్కన కూర్చుని జమ్మలమడుగు మీద ఒక వేలు, మన ఊరి మీద ఒక వేలు పెట్టింది.

"నడుమ కొండ లేదు, గుట్ట లేదు. నేరుగా పొయ్యేదానికి యాడికి వంచుతాండావక్కా?"

అన్నా, జమ్మలమడుగు నుంచి మన ఊరికి దారి అంటే కొండ చుట్టూ తిరిగి వచ్చేదే. వంకవతల ఊరి మీదుగా పోతే నాలుగు మైళ్ళే, కానీ ఆ ఊరితో మనకు పగ; చుట్టుకుంటే పది. మనవాళ్ళ పెళ్ళి బళ్ళూ, శవాలూ, కాన్పుకు పోయే ఆడవాళ్ళూ అందరూ ఆ పది మైళ్ళూ తిరిగినవాళ్ళే. నేను పుట్టిందే ఆ కొండ మలుపులో ఎద్దులబండిలో కదా. అమ్మ జమ్మలమడుగు ఆసుపత్రికి పోతుంటే నేను ఆగలేదు. తెరమీది ఊరికి లేని రైలు వేసేటప్పుడు కూడా నా చెయ్యి అటే తిరిగింది. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ కాపు కాయలేదు. నా అంతట నేనే వంచాను.

ఆ రోజు ఇంక పని సాగలేదు. కంప్యూటరు ఆపేసి ఇంటికి వచ్చాను. అమ్మ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

నీ ఆరోగ్యం చూసుకో. మగ్గం పనిలో కళ్ళు మండుతున్నాయని రాశావు, వెలుతురున్న చోటు అడుగు.

నీ చెల్లెలు,
యల్లమ్మ

ప్రొద్దుటూరు,
21-5-2006, ఆదివారం.

అన్నకు,

యల్లమ్మ నమస్కారాలు. జైలు సారుకు కూడా. ఎండలు ఇక్కడ రాళ్ళు పగిలేట్టు ఉన్నాయి, అక్కడ గోడల మధ్య ఇంకెలా ఉన్నాయో.

నీ జాబు అందింది. నాలుగే నాలుగు వరుసలు. ఆ ఊరి పిల్లతో నీకేం పని, ఆ సావాసం మానుకో, అమ్మకు తెలుసా, ఇట్లు ఓబులయ్య. జైల్లో చదువు నేర్చుకున్నావని ఎంత సంతోషించానో, ఆ చదువుతో ఈ నాలుగు వరుసలు రాసినందుకు అంత మండింది. రెండు నెలలు జవాబు రాయకపోవడానికి కారణం అదే. ఇప్పుడు కూడా కోపం తగ్గిందని కాదు, చెప్పాల్సింది ఎక్కువైంది కాబట్టి రాస్తున్నాను.

కొండ మలుపు పీకేశాను. నూట ఇరవై ముక్కలు. లైనును నేరుగా పట్టాలంటే నడుమ ఏముందో తెలియాలి కదా. మన ఊరికీ జమ్మలమడుగుకూ నడుమ నేల నేనెప్పుడూ చూడలేదు. అక్కడ చెట్టుందో బావుందో తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంటికి నాలుగు మైళ్ళ దూరంలో ఏముందో తెలియదు. ఆ పిల్లది ఇంకో చిత్రం. వంక దాకా అంతా చకచకా పెట్టేసింది, ఎవరి ఇల్లు ఎక్కడో, దర్గా ఎక్కడో, చీనీ తోట ఎక్కడో. వంక దాటాక మన ఊరి వైపు ఒక్క ఇల్లు పెట్టలేకపోయింది. వాళ్ళూ ఇటు రాలేదు కదా. తెరమీద సగం ఊళ్ళతో, సగం బోడిగా, చూడ్డానికి ఎలాగో ఉండింది.

పోయి చూసొద్దామక్కా అంది. పోయాం.

నీకు చెప్పకుండా పోయాను, అమ్మకు చెప్పే పోయాను. అమ్మ వద్దనలేదు, నీళ్ళ సీసా నింపి ఇచ్చింది. జమ్మలమడుగులో బస్సు దిగి, ఆటోలో వాళ్ళ ఊరికి. చీర కొంగు తల మీదకు లాక్కుని, ఆ పిల్ల వెనకాల నడిచాను. ఎవరైనా అడిగితే మా అక్క అని చెబుతోంది. ఒక గడప దగ్గర ముసలామె ఆపింది, మస్తానమ్మట. నన్ను ఎగాదిగా చూసి, నువ్వు పెద్దసుబ్బమ్మ కూతురివి కదా, ఆ ముక్కు ఆమెదే అంది. గొడవలు రాకముందు ఆమె, అమ్మ జమ్మలమడుగు సంతలో పక్కపక్కనే కూర్చుని వెన్న అమ్మేవారట. అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. మీ అమ్మ ఇంకా వెన్నలో కరివేపాకు వేసి కాస్తుందా అని అడిగింది. కాస్తుంది అన్నాను. అంతకంటే ఏం మాట్లాడామో గుర్తు లేదు.

అక్కణ్ణుంచి మన ఊరి వైపు నడిచాం. దారిలో కనిపించినవన్నీ ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది, నేను అడుగులు లెక్కపెట్టాను. వంక దగ్గర కల్వర్టు వచ్చింది.

అది ఏ కల్వర్టో నీకు చెప్పనక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కిందట మన ఊరి పెద్దాయన మిమ్మల్ని అయిదుగురిని కాపు పెట్టిన చోటు. వంకవతల ఊరి నాయకుడు వస్తాడని జీపు మీద బాంబు వేశారు, ఆయన ఆ రోజు జీపులో లేనే లేడు. చచ్చిపోయింది డ్రైవరు. అయిదుగురిలో నలుగురు బయట తిరుగుతున్నారు, నువ్వు ఒక్కడివే నేరం ఒప్పుకున్నావు. దాని గురించి మనం ఇన్నేళ్ళలో ఒక్క మాట అనుకోలేదు. ఆ పిల్ల కల్వర్టు గోడ మీద చాలాసేపు కూర్చుంది. నీళ్ళ సీసా ఇస్తే తాగలేదు. తర్వాత నాతో ఒక సంగతి చెప్పింది. దాన్ని ఈ ఉత్తరంలో రాయను. రాసే ధైర్యం వచ్చాక రాస్తాను.

తర్వాత వంక దాటి తనను మన ఊళ్ళోకి తీసుకెళ్ళాను. మన గొర్రెల దొడ్డి, పోలమ్మ గుడి, నాయన తవ్వించి నీళ్ళు పడక వదిలేసిన బావి, అన్నీ చూపించాను. అన్నీ రాసుకుంది. సాయంత్రానికల్లా కబురు పెద్దాయన ఇంటికి చేరింది. మర్నాడు మనిషిని ప్రొద్దుటూరు పంపించాడు. ఆడపిల్లవి, తెలిసీ తెలియక తిరుగుతున్నావు, మీ అన్న వచ్చే వేళ ఇలాంటివి బాగుండవు అని చెప్పించాడు. మా అన్న వచ్చే వేళ మీకెందుకు సంతోషమో నాకు తెలుసులే అని చెప్పమన్నాను. అమ్మ నా నోరు మూసింది. ఎన్నికలు వస్తున్నాయి కదా, వాళ్ళకు మళ్ళీ నువ్వు కావాలి, నీ విడుదల మాట మాకంటే ముందు వాళ్ళకే తెలిసింది.

అన్నా, ఇదొక్కటే నా భయం. నువ్వు బయటికి రావాలని తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. ఇప్పుడు వస్తున్నావంటే నిద్ర పట్టడం లేదు. గేటు దగ్గర మూడు జీపులు పెడతారట, దండలు వేస్తారట. నిన్ను ముందు సీట్లో కూర్చోబెడతారు. ముందు సీట్లో కూర్చున్నవాడు ఏమవుతాడో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ జీపు ఎక్కావంటే నువ్వు నాకు రెండోసారి పోయినట్టే.

జవాబు రాయి. నాలుగు వరుసలైతే వద్దు.

యల్లమ్మ

ప్రొద్దుటూరు,
30-7-2006, ఆదివారం.

అన్నకు,

నమస్కారాలు. జైలు సారుకు ఇదే ఆఖరి నమస్కారం అవుతుందని ఆశ. ఇన్నాళ్ళూ నా ఉత్తరాల్లో ఒక్క మాట కూడా కొట్టేయనందుకు ఆయన చల్లగా ఉండాలి.

నువ్వు ఈసారి రెండు పేజీలు రాశావు. అందులో ఒకటిన్నర పేజీ రైలు గురించే. కొత్త మలుపు ఎన్ని డిగ్రీలని అడిగావు. కల్వర్టు దగ్గర ఒకే ఒక్క వంపు ఉంది, అయిదు వందల మీటర్ల గుండ్రం, మూడున్నర డిగ్రీలు. కాటమయ్య మామ మళ్ళీ దారం పట్టి కొలిచి, బయటి పట్టా కొంచెం ఎత్తమన్నాడు. బండి లోపలికి ఆనుకుని పోతుందట, లోపల కూర్చున్నవాళ్ళకు గ్లాసులో నీళ్ళు కూడా తొణకవట. ఎత్తాం. పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో వదిలిన బండి పులివెందులలో ఆగింది. పదమూడు పెట్టెలు. ఒక్కటీ పడలేదు. ఆ పిల్ల, నేను, మామ ముగ్గురం కుర్చీలు దగ్గరికి లాక్కుని చూశాం. వంకవతల ఊరు దాటి మన ఊరు కనబడగానే నాకు ఏడుపొచ్చింది. మామ పంచె కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఆ ఊరికి ఒక స్టేషను, మీ ఊరికి ఒక స్టేషను వద్దు, రెంటికీ నడుమ ఒకటి చాలు అన్నాడు. రైల్వే వాళ్ళ పిసినారితనం రిటైరైనా పోదు.

నిన్ను ఆగస్టు పదిహేనున వదులుతారని కాగితం వచ్చింది. అమ్మ రోజుకు నాలుగుసార్లు నాతో చదివించుకుంటోంది. మిగతా అర పేజీలో నువ్వు రాసిన దానికి ఇప్పుడు జవాబు. పెద్దాయన మాట తీసెయ్యడం కష్టమని రాశావు. ఆయన మనుషులు గేటు దగ్గరే ఉంటారు, వాళ్ళ ముందు బస్సెక్కి పోతే పిరికివాడంటారని రాశావు. అననీ అన్నా. నా పెళ్ళి చూపులకు వచ్చినవాళ్ళు జైలుకెళ్ళినవాడి చెల్లెలని అన్నారు, నేనేమైనా చచ్చిపోయానా? ఒక మాట పడితే ఒళ్ళు అరిగిపోదు. గేటు బయట కుడిచేతి వైపు తిరిగి నడువు. బస్టాండుకు ఆటోలుంటాయి. ప్రొద్దుటూరు బస్సు గంటకొకటి ఉంటుంది. సెంటర్లో నీకు పని కూడా మాట్లాడాను. రాత్రి కాపలా, పగలు తుడవడం. గొప్ప పనేం కాదు. కానీ ఆ పనికి బాంబులక్కర్లేదు.

అమ్మ నీ కోసం వెన్న దాస్తోంది.

నీ కోసం చూస్తూ ఉండే,
నీ చెల్లెలు యల్లమ్మ

తా.క. ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. కల్వర్టు దగ్గర ఆ పిల్ల ఏం చెప్పిందో రాయకుండా పంపిస్తే నేను నిన్ను మోసం చేసినదాన్నే అవుతాను. ఆ పిల్ల పేరు ఫాతిమా. ఆ రోజు పోయిన డ్రైవరు ఉస్మాన్ కూతురు. నేను పనిలో చేరిన రోజే నా దరఖాస్తులో ఊరి పేరు, మన ఇంటిపేరు చూసి నేనెవరో తెలుసుకుందట. ఏడాది పాటు ఏమీ అనకుండా పక్కన కూర్చుని నాకు పని నేర్పింది. నీ విడుదలకు ముందు పోలీసులు వాళ్ళింటికి విచారణకు పోతే, మాకేం అభ్యంతరం లేదని వాళ్ళమ్మ ఖమర్‌బీ వేలిముద్ర వేసింది. ఎందుకో అడుగుదామని వాళ్ళింటికి పోయాను. ఆమె పెట్టె తెరిచి ఒక గొంగడి తీసి నా ముందు పెట్టింది. ఊరివాళ్ళు ఉస్మాన్‌ను మోసుకొచ్చినప్పుడు ఆయన తల కింద ఉండిందట అది. పోలీసులు రాకముందే దాచేసిందట, ఇన్నేళ్ళూ కూతురికి తప్ప ఎవరికీ చూపించలేదట. నేను అంచు చూశాను అన్నా. అమ్మ కుట్టే అంచు, నీ గొంగడే. మిగతా నలుగురూ పరిగెత్తాక నువ్వు ఆగావు. కోర్టులో చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

ఫాతిమాకు నీతో కొట్లాట లేదు. కల్వర్టు మీద కూర్చుని నాతో అన్నది ఇంతే: "మా నాయన్ను ఆఖరున చూసినోడు మీ అన్నొక్కడే అక్కా. నాయన ఏమన్న్యాడో నాకు చెప్పమను." పదిహేనో తేదీన ప్రొద్దుటూరు బస్టాండులో నీకోసం నిలబడేది తనే. నేను రాను. ఉస్మాన్ ఏమన్నాడో గుర్తు తెచ్చుకుంటూ రా. ఏమీ అనలేదంటే, ఏమీ అనలేదనే చెప్పు. ఆ పిల్ల బాధపడుతుందని ఒక్క మాట కూడా కల్పించవద్దు.